దేశం ముహూర్తానికే పెళ్ళి

బర్మాలోని యాంగోన్ ఊళ్ళో, తాకేటా పేటలో సూర్యావతి అప్పడాల కొట్టు. డిసెంబరు నెల, పొద్దున్న పది దాటింది. సూర్యావతి మనవరాలు జయని తన మనవడు సూరికి చేసుకోబోతున్న సత్తిరాజు, ఊరి నడిమి చౌక్తడా నుంచి టాక్సీ కట్టించుకుని వచ్చి, వేసిన కుర్చీలో కూర్చోకుండా నిలబడ్డాడు.

“నేను కూర్చోనండి. కూర్చుంటే మాట మెత్తబడిపోతుంది. నిలబడే చెప్తాను.”

“మీరు నిలబడితే అప్పడాల మీద నీడ పడతంది అన్నయ్యగారూ. ఎండవు.”

“సరే, ఇటు జరిగాను. ఇప్పుడు పడటం లేదు కదా.”

“ఇప్పుడు వడియాల మీద పడతంది.”

“ఇదిగో, కూర్చున్నాను. చాలా.”

“చాలు. జయా, తాతయ్యగారికి టీ ఎట్టు.”

“టీ వద్దు. నేను టీకి రాలేదు సూర్యావతి గారూ. తేదీ మార్చమని చెప్పడానికి వచ్చాను. జనవరి నాలుగు కుదరదు.”

“ఏటి, ఎందుకు కుదరదు.”

“ఎందుకేమిటండీ. ధనుర్మాసం.”

“అయితే.”

“అయితేనా. ధనుర్మాసంలో ముగ్గులు వేసుకుంటారు, పొంగలి వండుకుంటారు, పెళ్ళి చేసుకోరు. ధనుర్మాసంలో పెళ్ళి చేసుకున్న తెలుగువాళ్ళు ఈ భూమ్మీద లేరు.”

“మా అమ్మా నాన్నా చేసుకున్నారు.”

“సరే, ఒక జంట.”

“నేను చేసుకున్నాను.”

“రెండు.”

“మా అమ్మాయి సుధామణి చేసుకుంది. దాని కడుపునే ఈ జయ పుట్టింది. అందరివీ జనవరి నాలుగే. అందరివీ తెల్లారగట్ల నాలుగూ ఇరవైకే. ఇంకెన్ని జంటలు కావాలేటి మీకు.”

“తాతయ్యగారూ, లపెయే తీసుకోండి, మీ టీ. పాలు తక్కువ, పంచదార ఎక్కువ. మీకలాగే ఇష్టమని కో సూరి చెప్పాడు.”

“వాడికి బర్మా మర్యాద, ‘కో’ ఒకటా. వాడు చెప్పాడా.”

“ఇంకోటి కూడా చెప్పాడు. మీరు కోపంగా వస్తారంట, ఆ కోపం టీ అయ్యేదాకానే ఉంటదంట.”

“వాడి సంగతి ఇంటికెళ్ళి చూస్తాను.”

“మామ్మా, ప్రెస్సు కోటిబాబు మళ్ళీ ఫోన్ చేశాడు. పన్నెండుకి వాళ్ళకి కరెంటు పోతదంట. ఆ లోపల తేదీ ఖాయం చేస్తే శుభలేఖలు ఇవాళే అచ్చేస్తాడంట. లేపోతే వచ్చే వారమేనంట.”

“పన్నెండు లోపల చెప్తామను. తాతయ్యగారు ఒప్పుకుంటన్నారను.”

“ఒప్పుకోవడం లేదని చెప్పమ్మా.”

“మరి నేనేటి చెప్పను.”

“టీ తాగతన్నారని చెప్పవే.”

“యాబాడే, సరేలే. అదే చెప్తాను.”

“సూర్యావతి గారూ, ఇది నవ్వులాట కాదు. మాఘమాసంలో మంచి ముహూర్తాలు నాలుగున్నాయి. మా పంచాంగం రాజమండ్రి నుంచి తెప్పించిన పంచాంగం. ఆ నాలుగింటిలో ఏది కావాలన్నా తీసుకోండి. జనవరి నాలుగే అంటే మాత్రం ఈ సంబంధం లేదు. అంతే.”

“అంతేనా.”

“అంతే.”

“మూడేళ్ళ నుంచి వాళ్ళిద్దరూ సర్క్యులర్ రైలెక్కి ఊరు చుట్టూ తిరుగుతన్నారు. మింగళాడోన్ విమానాల కాడ డ్యూటీ దిగి, ఇంటికి పోయే టేసన్లో దిగకుండా, ఇంకో చుట్టు తిరిగొస్తాడు మీ మనవడు. ఆ రైలు మూడు గంటలు తిరుగుతాది. అంత ఇదైన పిల్లల్ని విడదీస్తారా, ఓ తేదీ కోసం.”

“నేను విడదీయడం లేదు. తేదీ మార్చమంటున్నాను. మార్చనంటున్నది మీరు.”

“మా ఇంటి పెళ్ళంటే ఆ గడియే. మా అమ్మ నా చేత మాట తీసుకుంది.”

“పైగా ఆ వేళకి చలి.”

“కంబళ్ళు ఇస్తాం.”

“కరెంటు ఉండదు.”

“పగలు మాత్రం ఉంటదేటి.”

“మా వైపు పెద్దవాళ్ళు అంత పొద్దున్నే లేవలేరు.”

“పెద్దోళ్ళకి నిద్దరెక్కడ పడతాది. మీకు పడతందా.”

“నాకు పడుతుంది.”

“కో సూరి చెప్పాడు, మీరు మూడింటికే లేచి రేడియో పెడతారని.”

“జయా, నీకు వాడు ఇంకేం చెప్పాడు?”

“చాలా చెప్పాడు. మూడు గంటల రైలు కదా.”

“పెళ్ళయిపోయేక తెల్లారిపోద్ది అన్నయ్యగారూ. బర్మా సొతంత్రం రోజు కదా, వీధి నిండా ఆటలే. గోనెసంచుల పరుగు, సూదిలో దారం, వాసం మీద కూచుని దిండ్లతో కొట్టుకోడం. పెళ్ళివారందరం అటే పోతాం. పెళ్ళికూతురూ పోతాది.”

“పెళ్ళికూతురు గోనెసంచిలోనా?”

“నా పెళ్ళి రోజు నేను వాసం ఎక్కినాను. మా ఆయన్ని ఒక్క దిండు దెబ్బకి కింద పడగొట్టినాను.”

“పెళ్ళయిన రోజునే?”

“పెళ్ళయిన నాలుగు గంటలకి. ఇంకా పసుపు బట్టలే.”

“నేను కో సూరిని పడగొట్టడానికి ఇప్పట్నించే ప్రాక్టీసు చేస్తన్నాను.”

“చూసినారా అన్నయ్యగారూ, నవ్వుతన్నారు మీరు.”

“నవ్వలేదు. టీ వేడిగా ఉంది. అసలు పంతులు రాడమ్మా. ధనుర్మాసంలో పీటల మీద మంత్రం చెప్పే పంతులు యాంగోన్ మొత్తంలో దొరకడు.”

“మా పెళ్ళిళ్ళకి పంతులు ఎప్పుడొచ్చినాడు గనక.”

“పంతులు లేకుండా పెళ్ళేమిటి.”

“పంతులు నలబై రెండులోనే నడిచిపోయాడు. జపానోడు బాంబులేసినప్పుడు మనోళ్ళు లక్షల మంది కొండలంట అడవులంట ఇండియాకి నడిచిపోయినారు కదా. రేవు కూలీల ఇళ్ళ లైన్లకి ఉన్నది ఒక్క పంతులు, ఆయనా పోయినాడు. పంచాంగం చంకలో ఎట్టుకు పోయినాడు. ఆ తరవాత మా లైన్లలో తిథి ఏటో మాసం ఏటో చెప్పేవోడు లేడు. ఆదివారం మాత్రం తెలిసేది, ఆ రోజు ఓడ దింపుడు తక్కువ కాబట్టి.”

“పంచాంగం లేదని పెళ్ళిళ్ళు ఆపుకుంటారా ఎవరైనా.”

“ఆపుకున్నారు. అదే కదా చెప్తన్నాను. ఎవుడికీ ధైర్నం చాల్లేదు. పిల్లలు ఎదిగిపోయినారు. మా అమ్మకి పదిహేడు నిండిపోయినాయి. అప్పుడు దండాసి మేస్త్రి ఓ ఉపాయం తీసినాడు. ఓడల కాడ ముఠా నడిపే పెద్దమనిషి.”

“తెలుసు. అంటే, మేస్త్రి అంటే ఎవరో తెలుసు.”

“తెల్లోడు ఎల్లిపోతన్నాడు, దేశానికి సొతంత్రం ఇస్తన్నాడు. ఎప్పుడిస్తన్నాడు. పొద్దున పదింటికి ఇవ్వొచ్చు కదా, ఆఫీసు తీసేక. ఇవ్వలేదు. బర్మా జోస్యులు కూచుని లెక్కలు కట్టి, నలబై ఎనిమిది జనవరి నాలుగు, ఆదివారం, తెల్లారగట్ల నాలుగూ ఇరవై అన్నారు. దొర నిద్దర మానుకుని లేచి మరీ ఇచ్చి పోవాల.”

“అది నిజమే. బర్మా రాజుని ఎడ్లబండెక్కించి తీసుకెళ్ళి ఓడలో వేశారు తెల్లవాళ్ళు. అరవై రెండేళ్ళకి వాళ్ళ దొర తనే ఓడెక్కాడు. ఆ పొద్దున్నే యుద్ధనౌకలో వెళ్ళిపోయాడు. మా నాన్న చూశాడు.”

“మీ నాన్నగారు ఎక్కణ్ణించి చూసినారు.”

“దూరం నుంచి.”

“ఎంత దూరం.”

“కొంచెం దూరం. నువ్వు దండాసి సంగతి చెప్పమ్మా.”

“దండాసి లైన్లన్నీ తిరిగి చెప్పినాడు. ‘ఒరే, దేశం మొత్తానికి సరిపోయిన ముహూర్తం మన లైన్లకి సరిపోదేట్రా. అంత పెద్ద జోస్యులు సర్కారు కోసం పెట్టిన ముహూర్తం. మనకి ఉత్తినే దొరుకుతాది’ అని.”

“ఉత్తినే.”

“ఉత్తినే. దచ్చిన కూడా లేదు.”

“అది ధనుర్మాసం అని ఎవరికీ తట్టలేదా?”

“తట్టడానికి పంచాంగం ఏది. అది అస్సాం కొండల్లో నడస్తంది.”

“ఓరి నాయనో.”

“తాతయ్యగారూ, టీ ఒలుకుతోంది.”

“ఒలకనీ. ఇంకా.”

“ఇంకోటి కూడా అన్నాడంట దండాసి. మా నాన్న చెప్పేవోడు. ‘మనం తెల్లోడి ఓడలో వచ్చినాం, తెల్లోడి మూటలు మోసినాం. ముప్పైలో రేవులో పని కోసం బర్మావోళ్ళూ మనమూ తలకాయలు పగలగొట్టుకుంటే తెల్లోడు మేడ మీంచి చూసినాడు. రేపు ఆడు పోతాడు. ఆడితోపాటు మీరూ పొండ్రా అంటే ఏటి చేస్తాం. ఈ దేశానికి ముడి పడే గడియకే మనకీ ముడి పడిపోతే, ఇప్పడానికి ఎవుడికీ చెయ్యి రాదు.’ ఇదీ ఆయన లెక్క.”

“చెయ్యి వచ్చింది కదమ్మా తరవాత. అరవై నాలుగులో సర్కారు షాపులు లాక్కుంటే ఎంతమంది ఇండియా ఓడెక్కలేదు.”

“ఎక్కినారు. ఆ పందిట్లో ముడి పడినోళ్ళు మాత్రం ఒక్కరూ ఎక్కలేదు.”

“అవును, ఒక్కరూ ఎక్కలేదు.”

“మీకెలగ తెలుసు.”

“నువ్వు చెప్తున్నావు కదా. నువ్వు చెప్పినదానికి అవును అన్నాను.”

“మామ్మా, కోటిబాబు. ఇంకా టీయేనా అంటన్నాడు.”

“రెండో టీ అని చెప్పు. జయా, తాతయ్యగారికి రెండో టీ. ఆఁ, పందిరి. రేవులో గోడౌను ముందర ఏసినారు. ఒకటే పందిరి, ఎనిమిది జంటలు. గుడ్డ దొరకని రోజులు, ఎనిమిది అడ్డుతెరలు ఎక్కణ్ణించి తెస్తారు. ఓడలో సరుకు మీద కప్పే టార్పాలిన్ ఒకటి తెచ్చి ఈ కొస నుంచి ఆ కొసకి కట్టేసినారు. అటు ఎనిమిది మంది మగోళ్ళు, ఇటు ఎనిమిది మంది ఆడోళ్ళు. ఎవులికి ఎవులూ కనపడరు. ఇంత మందం నల్ల టార్పాలిన్.”

“ఆరు.”

“ఏటి.”

“ఆరు జంటలు. ఎనిమిది కాదు. టార్పాలిన్ కూడా నల్లది కాదు, ఆకుపచ్చది. తారు కంపు కొట్టేది.”

“మీకెలగ తెలుసు అన్నయ్యగారూ.”

“తెలియడానికేముంది. గోడౌను ముందర ఎనిమిది జంటలకి చోటెక్కడిది. ఊహించాను.”

“పచ్చరంగు కూడా ఊహించినారా.”

“టార్పాలిన్లు పచ్చగానే ఉంటాయి, మామూలుగా.”

“మన కొట్టు మీదున్నది నీలం రంగు తాతయ్యగారూ.”

“జయా, నువ్వు లోపలికెళ్ళు. పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం.”

“నా పెళ్ళి గురించే కదా.”

“నీ పెళ్ళి గురించే. అందుకే లోపలికెళ్ళు.”

“హౌట్కే, అలాగే. వెళ్ళిపోయాను.”

“సరే, ఆరంటే ఆరే. దండాసి ఆర్డరేటంటే, రేవులో ఓడలు కూత ఎయ్యగానే ముహూర్తం. ఎవులి దగ్గరా గడియారం లేదు. నాలుగూ ఇరవైకి ఓడలన్నీ కలిసి కూస్తాయని మాత్రం రేవంతా చెప్పుకుంటన్నారు. కూత వినపడగానే తెర మీంచి చెయ్యి చాపి అవతల తల మీద జీలకర్రా బెల్లం, ఎంటనే వొంగి తాళి. చలికి మగోళ్ళ చేతులు వణుకుతన్నాయి. బెల్లం కారి మోచేతుల దాకా వచ్చేసింది. అంతలో ఒక ఓడ కూసింది. ఈ కొసన ఉన్న పెళ్ళికొడుకు బెల్లం ఎట్టేసి తాళి కట్టేసినాడు. తరవాత తెలిసింది, అప్పటికి ఇంకా నాలుగూ పదేనని. ఓడలో ఎవుడో నిద్దరమత్తులో ముందే లాగేసినాడు కూత.”

“ఆ పెళ్ళి చెల్లిందా మరి?”

“చెల్లింది, తెల్లోడి కింద. పందిట్లో అందరివీ సొతంత్రం పెళ్ళిళ్ళు, ఆడొక్కడిదే ఇంగ్లీషు రాజుగారి పెళ్ళి. చచ్చేదాకా ఆణ్ణి ‘ఇంగ్లీషు మొగుడు’ అనే పిలిచినారు.”

“అవునవును, ఇంగ్లీషు మొగుడు. ఆయన పళ్ళు ఇంత పొడుగు. నన్ను ఎత్తుకుని... అంటే, అలాంటి మనిషి ఒకాయన ఉండేవాడని విన్నాను.”

“ఎత్తుకున్నాడని విన్నారా.”

“తరవాత ఏటయింది, అది చెప్పు.”

“ఏటి అన్నారు మీరు. ఇందాకటి దాకా ఏమిటి ఏమిటి అన్నారు.”

“కంగారులో వచ్చింది. చెప్పు.”

“ఆ దొంగ కూతకి జనమంతా జెండా చూడాలని ఏటొడ్డుకి పరుగెత్తినారు. ఆ తొక్కిడిలో పెట్రోమాక్సుని తన్నేసినారు. అది బద్దలైపోయింది. ఆడోళ్ళ వైపు ఒక్క కిరసనాయిలు బుడ్డి మిగిలింది. అదీ కాసేపటికి గాలికి ఆరిపోయింది. కటిక చీకటి. అదే నిమిషంలో ఓడలన్నీ ఒక్కసారి కూసినాయి. ‘కట్టండ్రా, కట్టండి, ముహూర్తం ఎలిపోతంది’ అని దండాసి కేకలు. మగోళ్ళు చీకట్లోనే బెల్లం ఎట్టి, చీకట్లోనే ముళ్ళేసినారు. ఒకడైతే బెల్లం పక్కోడి చెవిలో ఎట్టినాడు.”

“పక్కోడి చెవిలో కాదు, దండాసి నోట్లో. కేకలు వేస్తున్నాడు కదా, నోరు తెరిచి ఉంది.”

“చూసినట్టే చెప్తన్నారు.”

“ఊహ, ఊహ. కానీ నువ్వు.”

“అగ్గిపుల్ల గీసి చూస్తే, మూడో పీట మనిషి నాలుగో పీట మీద ఉంది. నాలుగో పీట మనిషి మూడో పీట మీద. రెండు పెళ్ళిళ్ళు తారుమారు. మా అమ్మ వెంకటరత్నమ్మకి అనుకున్న పెళ్ళికొడుకు గోడౌను గుమాస్తా. ఆయన తాళి పక్కమ్మాయి మెడలో ఉంది. ఆ పక్కమ్మాయికి అనుకున్నోడు మా నాన్న అప్పారావు, ఓడ మీద మూటలెత్తే వించి నడిపేవోడు. ఆయన తాళి మా అమ్మ మెడలో ఉంది.”

“ఎంత గోల అయ్యుంటుంది.”

“గోలా. నాలుగిళ్ళోళ్ళు జుట్లు పట్టుకున్నారు. బయట దేశమంతా పాటలు, బాజాలు, ఏట్లో ఓడల కూతలు, పందిట్లో తన్నులు. ఆకరికి దండాసి మూటల మీదెక్కి తీర్పు చెప్పినాడు. ‘అక్కడ దించిన జెండా మళ్ళీ ఎక్కిస్తారేట్రా. ఎక్కించిన జెండా మళ్ళీ దించుతారేట్రా. ముడి కూడా అంతే’ అన్నాడు.”

“మంచి తీర్పు.”

“పెళ్ళికూతుళ్ళని కూడా అడిగినాడు. ఏటమ్మా, మీకిష్టమేనా అని. ఇద్దరూ తల దించేసుకున్నారు. భుజాలు మాత్రం ఊగిపోతన్నాయంట.”

“ఊఁ.”

“ఏటి, టీ ఆపేసినారు.”

“ఏం లేదు.”

“ఆ గుమాస్తా తరవాత ఊళ్ళోకి ఎల్లిపోయాడంట. షాపు ఎట్టినాడంట, పెద్దోడైపోయాడంట. ఆ మనిషి పేరు నోటి దాకా వస్తంది. చంద్రయ్యో, చంద్రన్నో.”

“చంద్రరావు.”

“ఆఁ, చంద్రరావు. అదీ ఊహేనా అన్నయ్యగారూ.”

“ఎండ ఎక్కువైంది ఇవాళ.”

“తాతయ్యగారూ, మీ నాన్నగారి పేరు చంద్రరావు కదా. కార్డులో రాశాం కదా, చంద్రరావుగారి మునిమనవడు అని.”

“నువ్వు లోపలికి వెళ్ళావు కదా.”

“లోపలే ఉన్నాను. ఇక్కడికి వినపడతంది.”

“సూర్యావతి గారూ, మీకు ముందే తెలుసు.”

“సంబంధం మాటాడ్డానికి మీ ఇంటికొచ్చిన రోజే తెలుసు. గోడ మీద మీ అమ్మగారి ఫోటో, పేరు సీతాదేవి అని రాసుంది. పక్క పీట సీతాదేవి అని మా అమ్మ ఆ పేరు చెప్పని రోజు లేదు. ఎనిమిది జంటలని కావాలనే అన్నాను. తప్పు చెప్తే మగోళ్ళు దిద్దకుండా ఉండలేరు.”

“నల్ల టార్పాలిన్ కూడానా?”

“అదీ కావాలనే.”

“ఓసి నీ తెలివి. సరే, చెప్పేస్తాను. వర్తకుల కుటుంబం అని చెప్పుకుంటూ వచ్చాం. మా తాత కాకినాడ నుంచి సరుకుతో వచ్చాడని మా ఆవిడ తరఫు వాళ్ళందరికీ చెప్పాను. సరుకుతో రాలేదు. సరుకు కింద వచ్చాడు, మూట మోస్తూ. మా నాన్న గోడౌనులో గుమాస్తా. నాకు మూడేళ్ళు వచ్చేదాకా రేవు లైన్లలోనే పెరిగాను. ఇంగ్లీషు మొగుడు నన్ను భుజాన ఎత్తుకుని తిప్పేవాడు.”

“అందులో సిగ్గేటుందండీ. అందుకోసం తేదీ మార్చాలా. మీరు దాచుకున్నారు కదా అని నేనూ నోరెత్తలేదు. పందిట్లో కూడా ఎత్తను.”

“సిగ్గుకోసం కాదు. సిగ్గయితే ఇన్నేళ్ళు మోశాను, ఇంకో పదేళ్ళు మోస్తాను. జయా.”

“ఆఁ, తాతయ్యగారూ.”

“చెవులు మూసుకో.”

“మూసుకున్నాను.”

“మూసుకుంటే ఎలా వినపడింది?”

“ఇప్పుడు మూసుకున్నాను.”

“దాన్ని వదిలేయండి. చెప్పండి. ఏటి మీ బాధ.”

“మా అమ్మ పోయే ముందు నన్నొక్కణ్ణే పిలిచింది. ‘ఒరే సత్తీ, ఆ రోజు దీపం గాలికి ఆరిపోలేదురా. నేనే ఊదేశాను’ అంది. ఊదేసి, చీకట్లో జరిగి పక్క పీట మీద కూర్చుందంట. ఆవిడకి మొదట్నించీ మా నాన్నంటే ఇష్టమంట. ఆయన గోడౌను కిటికీ దగ్గర కూర్చుని రాసుకుంటుంటే, నీళ్ళకని రోజుకి ఆరుసార్లు ఆ దారినే వెళ్ళేదంట. అంత చెప్పి, నవ్వి, కళ్ళు మూసుకుంది.”

“నవ్వుతా పోయిందా. మంచి చావు.”

“ఆవిడకి మంచిదే. నాకో. నాకు అప్పట్నించి నిద్ర లేదు. మీ అమ్మకని నిశ్చయమైన మనిషిని మా అమ్మ చీకట్లో లాక్కుంది సూర్యావతీ. మీ అమ్మ ఆ పందిట్లో భుజాలు ఊగిపోయేలా ఏడ్చిందని మా నాన్న ఎన్నిసార్లు చెప్పేవాడో. పాపం, ఏమీ తెలియని పిల్ల. ఎవరి మనవరాలో తెలియక సంబంధం ఒప్పుకున్నాను. మొన్న మీరు కార్డు రాసి పంపితే, అందులో వెంకటరత్నమ్మ అని చూశాను. అప్పారావు అని చూశాను. కింద జనవరి నాలుగు, నాలుగూ ఇరవై అని చూశాను.”

“అందుకా, మాఘమాసం.”

“మరేటి చెయ్యమంటావు. ఆ ఇంటి పిల్ల, ఆ తేదీ, ఆ గడియ. మా అమ్మ మీ అమ్మని మోసం చేసిన ముహూర్తానికే నా మనవణ్ణి పీటల మీద కూర్చోబెట్టి, అక్షింతలు ఎలా వెయ్యను. పైనుంచి మీ అమ్మ చూస్తే ఏమనుకుంటుంది.”

“అదా మీ ధనుర్మాసం.”

“అదే నా ధనుర్మాసం.”

“మామ్మా, పన్నెండుకి పది నిమిషాలు. కోటిబాబు లైన్లోనే ఉన్నాడు. ఏటి చెప్పను.”

“చెవులు మూసుకోలేదా నువ్వు?”

“ఒక చెవి ఫోనుకి కావాలి కదా తాతయ్యగారూ.”

“ఉండమను. తాతయ్యగారు ఏడుస్తన్నారు, అయ్యేక చెప్తామను.”

“నేను ఏడవటం లేదు. నువ్వెందుకు నవ్వుతున్నావు. నేనింత కష్టమైన మాట చెప్తుంటే, అలా పొట్ట పట్టుకుని నవ్వుతావేం.”

“అయ్యో, ఆగండి. ఊపిరి తీసుకోనివ్వండి. అయ్యో మా అమ్మా.”

“సూర్యావతీ.”

“నవ్వనివ్వండి. ఇన్నేళ్ళూ మీ అమ్మ మీ వైపు మాట మాత్రమే చెప్పిందన్నమాట. మా అమ్మా మీ అమ్మా ఒట్టేసుకున్నారు కదా. ఎవులి మాట వాళ్ళే చెప్పుకోవాలని ఒట్టు.”

“ఏ ఒట్టు. ఎవరు ఒట్టు.”

“మీకు తేదీ మీద కోపమా, పాపం మీద భయమా, అది చెప్పండి ముందు.”

“పాపం మీదే. మీ అమ్మ మనసు కష్టపడలేదని ఒక్క మాట, ఒకే ఒక్క మాట నాకు దొరికితే చాలు. ధనుర్మాసమైనా, నడి అమావాస్యయినా, నేనే ముందొచ్చి పీటలు తుడిచి వేస్తాను.”

“మీ అమ్మ జరిగి పక్క పీట మీద కూచుంది కదా.”

“కూర్చుంది.”

“ఆ పీట మీద మా అమ్మ ఉండాలి కదేటి. ఉందా.”

“లేదు. ఖాళీగా ఉందంది.”

“ఎందుకు ఖాళీగా ఉందో అడిగినారా.”

“అడగలేదు. అడగాలని తోచలేదు.”

“ఇన్నేళ్ళు వర్తకులమని చెప్పుకున్నారు. ఆ ఒక్కటీ అడగొద్దేటి అన్నయ్యా.”

“చెప్పవే తల్లీ. చెప్పు.”

“మా అమ్మ భుజాలు ఊగింది ఏడుపుకి కాదు, నవ్వాపుకోలేక. దీపం ఊదింది మీ అమ్మే. మా నాన్న మీద మనసుపడి, ఊదమని మీ అమ్మని మోచేత్తో పొడిచి, ముందు లేచి నిలబడింది మా అమ్మ.”